ఓవర్‌లోడ్ వేరు, ఓవర్‌ఛార్జ్ వేరు

మీ ప్రశ్న చదివాను. ఇంట్లో 900 వీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ గంటల) ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి. కొని రెండున్నరేళ్లు. కరెంటు పోయినప్పుడు అమ్మగారు మిక్సీ వేస్తే ఇన్వర్టర్ బీప్ కొట్టి, ఓవర్‌లోడ్ అని ఎర్ర లైటు వెలిగి ఆగిపోతోంది. అది కాక బ్యాటరీలో నీళ్లు నెల తిరక్కుండానే తగ్గిపోతున్నాయి. చూడటానికి వచ్చిన మెకానిక్ "బ్యాటరీ ఓవర్‌ఛార్జ్ అయిపోయింది, మార్చాల్సిందే" అని పదిహేను వేలు చెప్పాడు. ఓవర్‌లోడ్, ఓవర్‌ఛార్జ్ రెండూ ఒకటేనా, ఇప్పుడు కొత్త బ్యాటరీ కొనాలా అన్నది మీ సందేహం.

రెండూ ఒకటి కాదు. మీ ఇంట్లో రెండు వేర్వేరు సమస్యలు ఒకే సమయంలో కనబడుతున్నాయి, అందుకే అంతా కలిసిపోయినట్టుంది. మిక్సీ వేస్తే ఆగిపోవడం లోడు సమస్య. కొత్త బ్యాటరీ పెట్టినా అది పోదు. నీళ్లు తగ్గడం ఛార్జింగ్ సమస్య. మిక్సీ మానేసినా అది ఆగదు. వరంగల్‌లో 26 ఏళ్లుగా బ్యాటరీలు, ఇన్వర్టర్ల పనే చేస్తున్నాను. ఈ రెండు మాటలు కలిపేసుకుని, అవసరం లేని వస్తువు కొనుక్కుని, అసలు జబ్బు అలాగే ఉంచుకున్న ఇళ్లు ఎన్నో చూశాను. అందుకే కొంచెం విడమరిచి రాస్తున్నాను.

ఈ రెండు మాటలు కలవడానికి కారణం కూడా ఉంది. నేను ఐటీఐ చదివేటప్పుడు మా సారు చెప్పారు: ఇంగ్లిష్‌లో ఛార్జ్ అనే మాట లాటిన్‌లో బండి అనే అర్థమున్న మాట నుంచి పుట్టిందట. ఛార్జ్ చేయడమంటే మొదట్లో బండికి సరుకు ఎత్తడమే. అంటే పుట్టుకలో ఛార్జ్ అన్నా లోడు అన్నా ఒకటే. కరెంటు పనికి వచ్చేసరికి దారులు విడిపోయాయి. ఛార్జ్ అంటే లోపలికి పోసేది. లోడు అంటే బయటికి లాగేది. మన తెలుగువాళ్లం ఇంకోటి కూడా చేశాం, డబ్బుకు ఛార్జీ అనీ, బ్యాటరీకి ఛార్జింగ్ అనీ విడదీసి పెట్టుకున్నాం. కాబట్టి మీ కథలో "ఎక్కువ" అన్న మాట మూడు చోట్ల ఉంది. లాగడం ఎక్కువైందా, పోయడం ఎక్కువైందా, అడిగిన డబ్బు ఎక్కువైందా అన్నవి మూడూ విడివిడిగా చూడాలి.

ముందు లోడు సంగతి. 900 వీఏ అని రాసుందంటే 900 వాట్లు ఇస్తుందని కాదు. మన ఇళ్లలో వాడే ఈ సైజు ఇన్వర్టర్లు మామూలుగా 700 నుంచి 750 వాట్ల దాకా మోస్తాయి. వెనకాల స్టిక్కర్ మీద వాట్లు విడిగా రాసి ఉంటాయి, ఒకసారి చూడండి. ఇప్పుడు మీ ఇంట్లో మూడు పాత సీలింగ్ ఫ్యాన్లు తిరుగుతున్నాయనుకోండి, ఒక్కోటి 75 వాట్ల లెక్కన 225. నాలుగు ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్లు, ఒక్కోటి 20, మొత్తం 80. చిన్న టీవీ 60. అంతా కలిపి 365 వాట్లు. ఇక్కడిదాకా ఇన్వర్టర్ హాయిగా ఉంది. దీని మీద 750 వాట్ల మిక్సీ వేస్తే 1100 దాటింది. అదీ తిరుగుతున్నప్పటి లెక్క. ఆగి ఉన్న మోటారు కదిలే మొదటి క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది, జార్‌లో గట్టి పిండి ఉంటే మరీ ఎక్కువ. ఇన్వర్టర్ అది గమనించి తనను తాను ఆపేసుకుంది. మీ ఇన్వర్టర్ పాడవలేదు, చేయాల్సిన పని సరిగ్గా చేసింది.

లాగడం ఎక్కువైతే బ్యాటరీ వైపు ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. 700 వాట్లు అంటే ఇంటి 230 వోల్టుల దగ్గర మూడు ఆంపియర్లే. అదే శక్తి 12 వోల్టుల బ్యాటరీ నుంచి రావాలంటే, మధ్యలో పోయే నష్టంతో కలిపి దాదాపు 70 ఆంపియర్లు రావాలి. 150 ఏహెచ్ అని బ్యాటరీ మీద వేసే లెక్క 20 గంటలది. అంటే 20 గంటల పాటు ఏడున్నర ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా లాగితేనే ఆ 150 పూర్తిగా వస్తుంది. 70 ఆంపియర్లు లాగితే లెక్క ప్రకారం రెండు గంటలు రావాలిగా అంటారు. రాదు. గంటంపావు వస్తే మంచి బ్యాటరీ అనుకోవాలి. వేగంగా లాగేకొద్దీ ప్లేట్ల లోపలిదాకా ఆసిడ్ చేరే టైము ఉండదు, పైపై పదార్థమే పని చేస్తుంది.

ఇక వేడి. కరెంటు రెట్టింపైతే తీగలో, టెర్మినల్ దగ్గర పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. టెర్మినల్ బోల్టు వదులుగా ఉండి, చుట్టూ తెల్లగానో పచ్చగానో పేరుకుని ఉంటే ఆ ఒక్క చోటే కరెంటుకు అడ్డు, ఆ ఒక్క చోటే కాలుతుంది. లోడు ఎక్కువైన ఇళ్లలో నేను బ్యాటరీ కంటే ముందు చేయి పెట్టి చూసేది ఆ కేబుల్ చివర లగ్గు వేడెక్కిందా లేదా అని.

లోడు విషయంలో నాకు బాగా బాధ కలిగించేది ఆ ఆపే ఏర్పాటునే తీసేయడం. ఇన్వర్టర్ మాటిమాటికీ ఆగుతోందని కొందరు ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టిస్తారు. మా ఊరి పొలాల దగ్గర చిన్నప్పటి నుంచి చూస్తున్నదే ఇది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ మోటార్లు నాలుగు నడిస్తేనే నిండిపోతుంది, ఒక్కో మోటారు సుమారు ఆరు కేవీఏ తీసుకుంటుంది. నీళ్లు లోతుకు పోయేకొద్దీ రైతు 5 తీసి ఏడున్నర హెచ్‌పీ దించుతాడు, పక్కన ఇంకో రెండు బోర్లు కలుస్తాయి. ఇవన్నీ ఒక ఎత్తు, ఆటో స్టార్టర్లు ఇంకో ఎత్తు. త్రీఫేజ్ రాగానే అన్ని మోటార్లూ ఒకే క్షణంలో లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కో మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. కరెంటు ఎప్పుడూ ఉంటే అందరూ ఒకేసారి వేసుకునే అవసరం లేదు, పైగా మోటారు దానంతటదే తిరిగి భూమిలోని నీళ్లన్నీ తోడేయకుండా ఉంటుందని. ఫ్యూజు పోయిన ప్రతిసారీ లావు తీగ వేస్తూ పోతే ఆ తీగ పోదు, ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. పైరు పొట్ట మీదున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలితే వారం పది రోజులు ఆ ఆయకట్టు వాళ్ల మొహాలు చూడలేం. మీ ఇంట్లో ఎర్ర లైటు ఆ పని జరగకుండా ఆపుతోంది. ఎవరైనా "దాన్ని ఆగకుండా చేస్తాను" అంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు రెండోది, అసలు నిదానంగా చంపేది, ఓవర్‌ఛార్జ్.

బ్యాటరీ వాడినప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ అనే పొర ఏర్పడుతుంది. ఛార్జింగ్ పెడితే ఆ పొర కరిగి ప్లేట్లు తిరిగి మొదటి స్థితికి వస్తాయి, ఆసిడ్ చిక్కబడుతుంది. ఆ సల్ఫేట్ అంతా మారిపోయిందంటే బ్యాటరీ నిండినట్టు. కానీ ఛార్జర్ ఇంకా కరెంటు తోస్తూనే ఉంటే ఆ కరెంటుకు మార్చడానికి ఇంకేమీ మిగలదు. అప్పుడు అది నీళ్లను విడగొడుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలై పైకి పోతాయి. మీరు మూత దగ్గర చెవి పెడితే సన్నగా సలసల మన్నట్టు వినబడేది అదే. ఛార్జింగ్ చివరి గంటల్లో కాస్త అలా ఉండటం ట్యూబులర్ బ్యాటరీకి మంచిదే, అడుగున చిక్కగా పేరుకున్న ఆసిడ్ పైదానితో కలుస్తుంది. రాత్రీ పగలూ ఆగకుండా ఉంటే జబ్బు.

ఎంత నీళ్లు పోతాయో లెక్క చెప్తాను. నిండిన బ్యాటరీలోకి అదనంగా పోయే ప్రతి ఒక్క ఆంపియర్ గంటకూ ఆరు సెల్లుల్లో కలిపి రెండు గ్రాముల నీళ్లు పోతాయి. ఒక్క ఆంపియర్ అనవసరంగా 24 గంటలూ పోతే రోజుకు 48 గ్రాములు. నెలకు దాదాపు లీటరున్నర. ఒక్క ఆంపియర్ అంటే ఎవరికీ కనబడదు, కరెంటు బిల్లులోనూ తెలియదు. నెల తిరిగేసరికి నీటి మట్టం చూపే ఫ్లోట్‌లు మాత్రం ఎర్ర గీత దాకా దిగిపోతాయి.

పోయేది నీళ్లే, ఆసిడ్ పోదు. అందుకే నింపేటప్పుడు డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఆసిడ్ పోయకూడదు. మరీ తెలియక ఆసిడ్ పోసి ప్లేట్లను తినేయించిన వాళ్లున్నారు. ఆర్‌ఓ నీళ్లు, బోరు నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు కూడా వద్దు. నీళ్లు ఛార్జింగ్ పూర్తయ్యాక పోయండి, ముందే అంచుదాకా నింపితే ఛార్జింగ్‌లో ఉబికి పైకి పొంగుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం ఆగకండి, అవి మునిగేదాకా ముందే పోసి, మిగతాది ఛార్జింగ్ తర్వాత పోయండి.

నీళ్లు పోవడం పైకి కనబడే నష్టం. లోపల పాజిటివ్ ప్లేటు వెన్నుగా ఉండే సీసపు కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, పదార్థం రాలి అడుగున మట్టిలా పేరుకుంటుంది. అది పెరిగి ప్లేట్లను తాకితే ఆ సెల్ షార్ట్ అవుతుంది. ఓవర్‌ఛార్జ్‌లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన కేసులు ఇవే. ఒక సెల్ షార్ట్ అయితే ఆరు సెల్లుల బ్యాటరీ ఐదు సెల్లులదైపోతుంది. ఛార్జర్‌కు ఆ సంగతి తెలియదు. అది 14.4 వోల్టులు వచ్చేదాకా తోస్తూ పోతుంది. ఆరు మోయాల్సిన వోల్టేజీ ఐదే మోస్తాయి, ఒక్కోదానికి 2.4 బదులు 2.88 దాకా పడొచ్చు. మంచిగా ఉన్న ఐదూ మరుగుతాయి. ఇక్కడ ఛార్జర్ తప్పు లేదు, ఇన్వర్టర్ మార్చినా లాభం లేదు. అలాగే ఛార్జర్ పాడైతే బ్యాటరీ మార్చినా లాభం లేదు, కొత్తదాన్నీ అది ఉడకబెడుతుంది. మీ మెకానిక్ "ఓవర్‌ఛార్జ్ అయింది" అన్నాడు సరే, దేనివల్ల అయిందో చెప్పలేదు. మీరు డబ్బు తీసే ముందు అడగాల్సిన ప్రశ్న అదే.

మన ఎండలు కూడా ఇందులో పాత్రధారులే. ఛార్జింగ్ వోల్టేజీలు 25 డిగ్రీల లెక్కన పెడతారు. వేడి పెరిగే కొద్దీ డిగ్రీకి, సెల్‌కు మూడు మిల్లీవోల్టుల చొప్పున అయినా తగ్గించాలి. రామగుండం, కొత్తగూడెం వైపు మేలో 45 డిగ్రీలు చూసే రోజులుంటాయి. అంటే 20 డిగ్రీల తేడా, ఆరు సెల్లులకు కలిపి 0.36 వోల్టులు. చలికాలంలో సరైన 14.4 ఎండాకాలంలో ఎక్కువైపోతుంది. పెద్ద టెలికాం బ్యాటరీలకు టెంపరేచర్ సెన్సర్ ఉంటుంది, మన ఇళ్లలో చాలావాటికి ఉండదు. పైకప్పు రేకుల కింద, మెట్ల కింద గాలి ఆడని అరలో బ్యాటరీ పెడితే నీళ్లు రెండింతలు తాగినా ఆశ్చర్యం లేదు.

గాలి ఆడాలి అనడానికి వేడి ఒక్కటే కారణం కాదు. హైడ్రోజన్ గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. 15 ఏళ్ల కిందట ఒక ఇంట్లో మెట్ల కింద బ్యాటరీకి చెక్క అల్మారా కట్టించి తలుపు బిగించారు. నేను వెళ్లేసరికి లోపల కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. మరీ ఎక్కువ ఛార్జ్ అయి చెడిపోయిన బ్యాటరీకి ఆ వాసన ఉంటుంది. నేను కాసేపు తలుపు తీసి వదలాల్సింది. తొందరలో మెయిన్ ఆపకుండానే టెర్మినల్ మీద స్పానర్ వేశాను. రవ్వ లేచింది, పై మూత పగిలి ఎగిరింది, ఆసిడ్ నా ఎడమ ముంజేతి మీద పడింది. ఆ ఇంటావిడ బకెట్ నీళ్లు గుమ్మరిస్తూనే ఉంది, అందుకే మచ్చతో పోయింది. కళ్లలో పడి ఉంటే ఈ పని చేస్తూ ఉండేవాడిని కాదు. అప్పటి నుంచి ముందు ఇన్వర్టర్ ఆపడం, మెయిన్ తీయడం, తలుపులు తెరిచి పావుగంట ఆగడం, ఆ తర్వాతే స్పానర్. మీరు కూడా బ్యాటరీ దగ్గర దీపం, అగరుబత్తి పెట్టకండి. ఆసిడ్ పడితే కనీసం పావుగంట సేపు నీళ్లతో కడుగుతూనే ఉండాలి, కళ్లలో పడితే కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇక మీరు చేయాల్సినవి. ఇన్వర్టర్ వెనక బ్యాటరీ రకం ఎంచుకునే చిన్న స్విచ్ ఉంటుంది. ట్యూబులర్, ఎస్‌ఎంఎఫ్ (నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్ రకం) అనో, హై, నార్మల్ అనో రాసి ఉంటుంది. అది మీ బ్యాటరీకి తగ్గట్టు ఉందో లేదో చూడండి. శుభ్రం చేసేటప్పుడు చేయి తగిలి మారిపోయిన ఇళ్లు నాకు తెలుసు. మీ దగ్గర మల్టీమీటర్ ఉంటే ఛార్జింగ్ చివర్లో టెర్మినల్స్ దగ్గర కొలవండి. 14.4 చుట్టుపక్కల చేరి, నిండాక 13.5 నుంచి 13.8 మధ్యకు దిగి నిలబడాలి. రాత్రంతా ఛార్జింగ్‌లో ఉన్నాక కూడా 14.5 పైనే ఉంటే ఛార్జర్ కటాఫ్ చేయట్లేదు, ఇన్వర్టర్ బోర్డు చూపించాలి. అలా కాక ఎంతసేపు పెట్టినా 13 కూడా దాటకుండా, బ్యాటరీ మాత్రం వేడెక్కుతుంటే సెల్ షార్ట్ అనుమానించండి. ఛార్జింగ్ పూర్తిగా ఆపి, లోడు లేకుండా నాలుగైదు గంటలు వదిలేసి చూస్తే మంచి బ్యాటరీ 12.6 నుంచి 12.8 చూపిస్తుంది. పదిన్నర దగ్గర ఉంటే ఒక సెల్ పోయిందన్న అనుమానం బలపడుతుంది.

ఇవన్నీ చూసినా గ్రావిటీ, అంటే ఆసిడ్ చిక్కదనం, చూడకుండా బ్యాటరీ పోయిందని ఎవరూ చెప్పలేరు. మెకానిక్ దాన్ని కొలిచే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్లులూ విడివిడిగా చూడాలి. నిండిన ట్యూబులర్‌లో అన్నీ 1240 దగ్గర ఉండాలి. ఐదు అలా ఉండి ఒకటి 1180 ఉంటే ఆ సెల్‌లో తేడా ఉంది. ఆరూ సమానంగా ఉండి, నీళ్లు కూడా ఆరింట్లో సమానంగా తగ్గుతుంటే బ్యాటరీ బాగానే ఉంది, మీ స్విచ్చో, ఛార్జరో, గాలి ఆడని చోటో కారణం. ఫ్లోట్‌లలో ఏ ఒక్కటైనా మిగతావాటికంటే త్వరగా దిగుతోందా అన్నది మీరే కంటితో చూడొచ్చు. మీ ప్రశ్నలో ఆ సంగతి రాయలేదు.

డబ్బు విషయం. అతను మిమ్మల్ని మోసం చేస్తున్నాడని నేను అనను. చూడకుండా అనకూడదు. కానీ హైడ్రోమీటర్ సంచిలోంచి తీయకుండానే మార్చమన్నాడంటే ఆ మాట మీద పదిహేను వేలు పెట్టొద్దు. వారంటీ కార్డు వెతకండి. రెండున్నరేళ్లకే అయితే చాలా ట్యూబులర్ బ్యాటరీలకు వారంటీ ఇంకా మిగిలే ఉంటుంది, కంపెనీ సర్వీస్ వాళ్లు వచ్చి పరీక్షించి ఉచితంగానో, కొంత తగ్గించో మారుస్తారు. ఒకవేళ కొనాల్సే వస్తే పాత బ్యాటరీని ఊరికే ఇచ్చేయకండి. అందులో సీసం బరువు చాలా ఉంటుంది, దాని విలువ కొత్తదాని ధరలో తగ్గించాలి. పాతది వేరే వాళ్లకు అమ్మితే పెరట్లో సీసం కరిగించే వాళ్ల చేతికి పోతుంది. ఆ పొగ పిల్లల ఒంట్లోకి వెళ్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులదే, కాబట్టి డీలరుకే ఇవ్వండి. డబ్బా మీద ఉన్న ఎంఆర్‌పీ కంటే ఎక్కువ అడిగితే, బిల్లు ఇవ్వనంటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు.

మిక్సీకి మాత్రం నేను ఇన్వర్టర్ పెద్దది కొనమనను. దాని కోసం ఇన్వర్టర్ పెంచితే బ్యాటరీ కూడా పెంచాలి, రోజుకు పది నిమిషాల పని కోసం అంత ఖర్చు అక్కర్లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వంటింటి మిక్సీ ప్లగ్గును, ఇస్త్రీ పెట్టె ప్లగ్గును ఇన్వర్టర్ లైను నుంచి తప్పించి మెయిన్ లైనుకు వేయించండి. పాత ఫ్యాన్లు మార్చే వీలుంటే బీఎల్‌డీసీవి పెట్టండి, ఒక్కోటి 30 వాట్ల లోపో అటూఇటూనో తీసుకుంటుంది. మూడు మారిస్తే మీకు 130 వాట్లు దాకా మిగులుతుంది, బ్యాకప్ కూడా పెరుగుతుంది.

ఫోన్ రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంటే ఓవర్‌ఛార్జ్ అవుతుందా అని కూడా చివర్లో అడిగారు. ఫోన్‌లో సెల్ 4.2 వోల్టులు, కొన్నిట్లో ఇంకొంచెం పైన, చేరగానే లోపలి సర్క్యూటే ఆపేస్తుంది. దిండు కింద పెట్టి వేడెక్కనివ్వకండి, అంతే చాలు. లిథియంకు నీళ్ల బ్యాటరీలా ఎక్కువైనదాన్ని బుడగలుగా వదిలేసే దారి లేదు, అందుకే దానికి కాపలా సర్క్యూటు లేకుండా అసలు వాడకూడదు. ఈ-స్కూటర్ బ్యాటరీని విప్పించి బీఎంఎస్ (ఆ కాపలా సర్క్యూటు) తీసేయించి వాడే వాళ్లెవరైనా మీకు తెలిస్తే, వాళ్లకు గట్టిగా చెప్పండి.

ముందు ఆ వెనక స్విచ్ ఎటు ఉందో, రాత్రి ఛార్జింగ్ తర్వాత ఉదయం వోల్టేజీ ఎంతో, ఆరు ఫ్లోట్‌లలో ఏది ఎంత దిగిందో రాసి పెట్టండి. గ్రావిటీ చూపిస్తే ఆరు అంకెలూ వరసగా, పాజిటివ్ వైపు నుంచి. అవి చూశాక బ్యాటరీ ఉంచాలో తీయాలో చెప్తాను. అప్పటిదాకా అమ్మగారిని కరెంటు ఉన్నప్పుడే పిండి రుబ్బుకోమనండి.